ఊట నీళ్లు తాగిన తడికలు

వట్టివేరు వాసన హాయిగా ఉంటుందని ఎవరన్నా అంటే నాకు ఒళ్లు మండుతుంది. సబ్బుల్లో, షర్బత్తుల్లో, అగరొత్తుల్లో దాన్ని నింపి అమ్ముతున్నారు. మొన్న గుంటూరులో ఒక బట్టల షాపతను, చీరల మధ్య పెట్టుకోమని చిన్న సంచి చేతిలో పెట్టాడు. "మంచి చలవ మేడమ్" అన్నాడు. ఎవరికి చలవ అని అడిగాను. పాపం, అతనికేం తెలుసు, నవ్వాడు. సంచి కౌంటరు మీదే వదిలేసి వచ్చాను. బస్సెక్కి కూర్చున్నా వేళ్లకు ఆ వాసన పోలేదు. ఆ వాసన మా నాయనది.

గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో, నాపరాళ్ల గనుల పక్కన మా ఊరు. మాది దూదేకుల ఇల్లు. ఇంట్లో మాట్లాడేదంతా తెలుగే. మా తాత దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నాయన చలికాలమంతా ఆ పనే చేసి, శివరాత్రి దాటగానే ఏకే విల్లు చూరుకు తగిలించి వట్టివేళ్ల పనిలోకి దిగేవాడు. వెదురు బద్దల చట్రంలో వేళ్లు ఒత్తుగా పరిచి, పురికొసతో కుట్టి, కిటికీకి సరిపడా తడిక తయారు చేసేవాడు. దాని మీద నీళ్లు చల్లితే చాలు, బయటి వడగాలి ఆ తడి వేళ్ల సందుల్లోంచి దూరి లోపలికి చల్లగా వచ్చేది. నరసరావుపేటలో కోర్టు హాలుకీ, డాక్టర్ల ఇళ్లకీ, ప్లీడర్ల ఇళ్లకీ నాయనే కట్టేవాడు. తడికలు బస్సు టాపు మీద వేయించి తనూ వాటి పక్కనే ఎక్కి కూర్చునేవాడు, ఎవరన్నా వాటి మీద మిరపకాయల బస్తాలు పడేస్తారేమోనని.

నాయన అణకువ గల మనిషి అని రాస్తే అబద్ధమవుతుంది.

"జడ్జీగారి నోట తీర్పు రావాలంటే ముందు నా తడిక తడవాల. లేకపోతే ఆ ఎండకి చిరాకెత్తి అందరికీ ఉరి వేస్తాడు" అనేవాడు.

"అయితే నువ్వే పోయి ఆ కుర్చీలో కూచో. ఇక్కడ బియ్యం నిండుకున్నయ్" అనేది అమ్మ.

నీకీ నోరెక్కడి నుంచి వచ్చిందని నన్ను చాలామంది అడిగారు. ఇద్దరి నుంచీ వచ్చింది.

వేళ్ల కోసం నాయన ఎక్కడికీ పోనక్కర్లేదు. ఊరి దిగువన వాగు ఉంది. వేసవిలో అది ఎండి ఇసకే మిగిలేది. కానీ ఒక చోట రాతి అరుగు కింద ఊట ఉండేది, అది మాత్రం ఎండేది కాదు. ఊట తడి పాకినంత మేరా గట్టు మీద వట్టివేరు దుబ్బులు. నాయన ఒక వరస తవ్వితే పక్క వరస ముట్టుకునేవాడు కాదు. తవ్విన దుబ్బుకు పైన గడ్డీ కింద వేళ్లూ కోసి, మధ్యలో మొదలు మాత్రం మళ్లీ అదే గుంటలో నాటి, బిస్మిల్లా అని ఊట నీళ్లు దోసిలితో పోసి లేచేవాడు. అది ఎవరి పొలమూ కాదు, పోరంబోకు. అయినా ఆ గట్టుని ఊరంతా సాయిబు గట్టు అనేవాళ్లు.

ఊరికి మంచినీళ్లు కూడా ఆ ఊటే. మా బావుల్లో ఉన్నవన్నీ సున్నపురాయి నీళ్లు. వాటితో పప్పు పెడితే పొయ్యిలో కట్టెలు అయిపోవాలే గానీ పప్పు ఉడకదు. అందుకని ఆడవాళ్లు ఇసకలో చెలమ తోడి, కొబ్బరి చిప్పతో ఊట నీళ్లు నింపుకుని, తాగడానికీ పప్పుకీ ఒక బిందె తెచ్చుకునేవాళ్లు. మిగతా పనులన్నిటికీ బావి నీళ్లే. కోడలు ఊట నీళ్లతో కాళ్లు కడుక్కుందని మా వీధిలో ఒక అత్తగారు పండగంత గొడవ చేసింది. అంత అపురూపం.

నేను నరసరావుపేటలో బి.యస్సీ చదివే రోజుల్లో కూలర్లు వచ్చాయి. డాక్టర్ల ఇళ్ల కిటికీలకు నాయన తడికలు పోయి రేకు పెట్టెలు తగులుకున్నాయి. ఒక వేసవి తీసుకెళ్లిన తడికల్లో సగం అదే బస్సు టాపు మీద వెనక్కి వచ్చాయి. కోర్టువాళ్లు మాత్రం ఇంకా కట్టించుకునేవాళ్లు. గవర్నమెంటుకి కొత్త వస్తువు కొనే తొందర ఎప్పుడూ ఉండదు గనక. నాయన ఆ ఏడు ఎవరితోనూ జడ్జీగారి మాట ఎత్తలేదు. అటక మీద వేళ్ల కట్టలు పేర్చి, వాటి మీద పాత దుప్పటి కప్పాడు. ఆయన మాట్లాడకుండా ఉండడం నేను చూడటం అదే మొదలు. అమ్మ కూడా ఎత్తిపొడవడం మానేసింది. ఇల్లు ఇల్లులా లేదు.

చదువయ్యాక నేను గురజాలలో ఒక స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఆదివారాలు ఇంటికి వచ్చేదాన్ని. అప్పటికి గనుల అవతల ఒక ఫ్యాక్టరీ వాళ్లు సొంతంగా కరెంటు తయారు చేసుకోవడానికి గ్యాస్ టర్బైన్ పెట్టారు. ఎనభైల్లో కరెంటు కోతలెట్లా ఉండేవో ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. గ్యాసు పైపు మా పల్నాడుకు ఎక్కడిది, అది నూనెతో నడిచేది. బయటి గాలిని పీల్చుకుని, అందులో నూనె మండించి, ఆ మంటలో ఉబ్బిన వేడి గాలితో రెక్కలు తిప్పి కరెంటు పుట్టిస్తుంది. పెట్టే ముందు ఊళ్లో మీటింగు కూడా పెట్టారు. "థర్మల్ స్టేషన్ లాగా బాయిలర్లు లేవు, ఆవిరి లేదు, మీ నీళ్ల జోలికి రాం" అని మైకులో చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఒక ఆదివారం మా గుమ్మం ముందు జీపు ఆగింది. దిగినవాడు ఆ టర్బైన్ ఇంజనీరు. గోదావరి వైపు కుర్రాడు, నా ఈడువాడే. మర్యాదగల మనిషి. కోర్టు పని మీద నరసరావుపేట పోయి, అక్కడ తడికలు చూసి, ఎవరు కట్టారని అడిగి వచ్చాడట. మన ఎండకి గాలి పల్చబడిపోయి యంత్రం సరిగా లాగడం లేదన్నాడు. సరిగ్గా కరెంటు కావాల్సిన మధ్యాహ్నమే అది నీరసపడిపోతోందట. గాలిని చల్లబరచడానికి విదేశాల నుంచి తెప్పించిన కాగితం అట్టలు గని దుమ్ముకి పూడుకుపోయి చిరిగిపోయాయట. కొత్తవి వచ్చేదాకా వట్టివేళ్లతో కట్టగలరా అని అడిగాడు.

నేను ఊరుకుంటానా.

"మీ మిషనుకి నీళ్లక్కర్లేదని ఊరంతా చాటారు గదండీ?"

"మిషనుకి అక్కర్లేదండి. అది పీల్చే గాలికి కావాలి."

"గాలి పీల్చేది ఎవరండీ, మిషను కాదా?"

అతను నవ్వాడు. నాయన మాత్రం నా మీద కసిరాడు. "ఏమే, మనిషిని కూచోనియ్యవా? గాలికి చలవ చేసేదెట్టాగో నాకు తెలుసు సారూ. నువ్వు కొలతలు చెప్పు."

ఆ సాయంత్రమే అటక మీది దుప్పటి తీసేశారు. అమ్మ చీపురు పట్టుకుని కింద నిలబడి, దుమ్మంతా తన నెత్తిన పోస్తున్నాడని తిడుతోంది. చాలాకాలానికి ఇంట్లో తిట్లు వినిపించాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

తడికలు కట్టిన రోజు నాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. రెండంతస్తుల మేడంత ఎత్తున, ఒక గోడంతా నాయన తడికలే. వెనక యంత్రం హోరు. చెవిలో నోరుపెట్టి అరిచినా వినపడదు. తడికలు తడపడానికి పైన పైపులూ పంపూ పెట్టారు. అయినా నాయన ఒక చెంబు తెప్పించుకుని మొదటి నీళ్లు తన చేత్తోనే చల్లాడు. తర్వాత పంపు వేశారు. కాసేపటికి ఇంజనీరు లోపల ఒక మీటరు చూపించాడు. ముల్లు మెల్లగా జరుగుతోంది. నాయన దాన్ని కన్నార్పకుండా చూశాడు. గురజాల స్కూలు రిజల్టుల్లో నా నంబరు వెతికినప్పుడు కూడా ఆయన అంత శ్రద్ధగా చూడలేదు.

ఊళ్లోకి రాగానే పక్కింటి అత్త ఎదురొచ్చింది. మాకు చుట్టం కాదు. గనిలో రాళ్లు మోసే మనిషి. నాయనని అన్నా అంటుంది గనక నాకు అత్త.

"ఏంది సాయిబన్నా, ఇన్నాళ్లూ జడ్జీలకి ఇసిరావు, ఇప్పుడు మిషన్లకి ఇసురుతుండావంట?"

"జడ్జీకి ఇసిరితే ఎవడో ఒకడు జైలుకి పోతాడు. మిషనుకి ఇసిరితే లైటు ఎలుగుద్ది. ఏది మేలో చెప్పు."

"మా ఇంట్లో ఎలగట్లేదు గదయ్యా."

"నీకు వైరే లేదు, లైటు యాడ ఎలుగుద్దే!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు నాకింకా వినబడుతుంది.

కొన్నాళ్లకే తడికల మీద తెల్లటి పెచ్చు కట్టింది. ఫ్యాక్టరీ బోరు నీళ్లు సున్నం నీళ్లు. గాలిలోకి పోయేది నీరు ఒక్కటే, సున్నం వేళ్ల మీదే ఉండిపోతుంది. అన్నం గిన్నె అడుగున మాడులాగా అంటుకుంది. సందులు పూడుకుపోయి గాలి ఆడడం లేదని జీపు పంపారు. నాయన పోయి ఒక వేరు లాగి, వేళ్ల మధ్య నలిపి, నాలిక మీద పెట్టుకుని చూశాడట. ఆ ఆదివారం అన్నం ముందు కూర్చుని గొప్పగా చెబుతున్నాడు.

"ఈ నీళ్లు దీనికి పడవు సారూ అన్నా. ఇది ఏ నీళ్లలో పెరిగిందో ఆ నీళ్లే పోయాల అన్నా. బిత్తరపోయాడనుకో."

అమ్మ గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. "ఊట సంగతి చెప్పావా?"

"చెప్పకుండా? నా తడికలు పాడైపోతుంటే చూస్తా కూచోనా?"

ఆయన పని ఆయనకి అలాంటిది. కోర్టులో బంట్రోతు తడిక మీద బావి నీళ్లు పోశాడని ఒకసారి కోర్టు నడుస్తుండగానే కిటికీ బయట నిలబడి తగాదా పడ్డ మనిషి. తడికకి ఏం కావాలో ఆలోచించాడు. అంతే ఆలోచించాడు.

వాళ్లు ఊట పైన గుంట తవ్వారు. సిమెంటు ఒరలు దించి, మోటారు బిగించి, గనుల మీదుగా పైపు లాగారు. పోరంబోకే గదా, అడిగే నాథుడు లేడు. ఆడవాళ్ల చెలమ జోలికి రాలేదు, దాన్ని కిందనే వదిలేశారు. చెలమలోకి నీళ్లు వచ్చేది ఆ పై నుంచేనని వాళ్లకి తెలియదా? తెలుసు.

నేను ఫ్యాక్టరీకి పోయాను. ఇంజనీరు కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. నేను తాగలేదు.

"తడిక మీద పోసిన నీళ్లు ఏమవుతాయండీ?"

"కింద తొట్టిలోకి వస్తాయి. మళ్లీ పైకి ఎక్కిస్తాం."

"అన్నీ వస్తాయా?"

"కొన్ని ఆవిరైపోతాయండి. గాలి చల్లబడేదే అందువల్ల."

"మిగిలిన నీళ్లలో ఉప్పు చిక్కబడదా?"

"మీరు కెమిస్ట్రీయా?" అన్నాడు. తర్వాత, "అందుకే కొంత బయటికి వదిలేసి కొత్త నీళ్లు కలుపుతాం" అన్నాడు.

"అంటే ఆకాశంలోకి పోయేవీ మా ఊట నీళ్లే, మురిక్కాలవలోకి పోయేవీ మా ఊట నీళ్లే, వాటి బదులు మళ్లీ వచ్చేవీ మా ఊట నీళ్లే. రోజుకి ఎన్ని?"

"ఎండని బట్టి ఉంటుందండి" అన్నాడు.

ఎండ ఎంత ముదిరితే యంత్రం అంత తాగుతుంది. మాకు దాహమయ్యే రోజే దానికీ దాహం. దానికి మోటారుంది, మాకు కొబ్బరి చిప్ప ఉంది.

లేచి వస్తుంటే అతను గుమ్మం దాకా వచ్చాడు. "మీ నాన్నగారే చూపించారు కదండీ" అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు, నొచ్చుకుంటూనే అన్నాడు. వాదనలో నేనే గెలిచాను. మోటారు ఆగలేదు.

ఇంటికొచ్చి, కోర్టులో కేసు వేద్దామన్నాను. నాయన నవ్వాడు. "నా తడికల కింద కూచుని నా తడికల మీదనే కేసు ఏత్తావా?" అన్నాడు. అమ్మ నవ్వలేదు.

ఆ ఏడు వానలు కూడా సరిగా పడలేదు. సంక్రాంతి నాటికే చెలమ మోకాలి లోతు పోయి నడుము లోతుకి దిగింది. ఒక ఆమె లోపలికి దిగి చిప్పతో తోడితే ఇంకో ఆమె పైన అందుకోవాలి. బిందె నిండడానికి పొద్దెక్కేది. గని పనికి ఆలస్యమైతే ఆ పూట పనిలోకి రానివ్వరు. అత్త నీళ్లు మానుకోలేదు, పని మానుకోలేదు, నాయనతో మాట్లాడ్డం మానుకుంది. మిగతావాళ్లు మానుకోలేదు.

"సాయిబూ, నీ మిషన్ని అడిగి ఒక బిందె ఇప్పించరాదూ!"

"మా ఇంట్లో పప్పు ఉడకట్లా. నీ తడిక ఒకటియ్యి, పొయ్యిలోకి పెడతా."

నాయన ఒక్కొక్కరికీ సమాధానం చెప్పేవాడు. వానలు లేకపోతే ఊటేం చేస్తుందనేవాడు. ఇంట్లో నాతో కూడా అదే వాదన. "మిషను రాకముందు కరువుల్లేవా?" అనేవాడు. ఉన్నాయి. ఆ కరువుల్లో కూడా ఊట ఎండలేదన్న సంగతి ఆయనకి నేను చెప్పాలా? చెప్పాను. ఒకసారి కాదు, ప్రతి ఆదివారమూ చెప్పాను.

శివరాత్రి వెళ్లాక గడ్డపార తీసుకుని గట్టుకి పోయాడు. ఏడాది ముట్టకుండా వదిలిన వరస అది. నేను అన్నం క్యారియరు తీసుకుని వెళ్లేసరికి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన తవ్విన దుబ్బులు. మట్టి తడి లేక, విదిలిస్తే దుమ్ము లేస్తోంది. వేళ్లు తల వెంట్రుకల్లా సన్నంగా ఉన్నాయి. ఒక మొదలు చేతిలోకి తీసుకుంటే విరిగిపోయింది. నాకొకటి అందించాడు.

"వాసన చూడు" అన్నాడు.

చూశాను. మట్టి వాసన కూడా లేదు. చెలమలోంచి పైకి నీళ్లందిస్తున్న ఆడవాళ్లు మమ్మల్ని చూస్తున్నారు.

మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని ఫ్యాక్టరీకి బయల్దేరాడు. తన తడికలు తను విప్పేసి తెచ్చుకుంటానన్నాడు. తడికలు లేకపోతే నీళ్లతో వాళ్లకేం పని? ఆయన లెక్క అది. స్కూలుకి సెలవు పెట్టి నేనూ వెంట వెళ్లాను. నాయనని తెలిసినవాడే గనక వాచ్‌మన్ లోపలికి వదిలాడు.

గోడ మీద తడికలు లేవు. వాటి చోట కొత్త కాగితం అట్టలు తేనెపట్టు గదుల్లా మెరుస్తున్నాయి. నీళ్లు వాటి మీదుగా జారుతున్నాయి. మన ఇంజనీరుకి బదిలీ అయి చాలా రోజులైందట. కొత్తగా వచ్చినాయనకి మేమెవరో తెలియదు. షెడ్డు వెనక దుమ్ములో తడికలు ఒకదాని మీద ఒకటి పడేసి ఉన్నాయి.

"అవా? తీసుకుపో పెద్దాయనా, అడ్డంగా ఉన్నాయి" అన్నాడు.

"మరి నీళ్లు?" అన్నాడు నాయన.

"నీళ్లేంటి?"

"ఊట నీళ్లు. నా తడికలకోసం పెట్టిన పైపు."

"ఈ అట్టలకి ఆ నీళ్లయితేనే మన్నిక" అన్నాడతను. ఫైలు చూసుకుంటూ అన్నాడు.

నేనప్పుడు చాలా మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. నాయన నా చెయ్యి పట్టుకుని, "ఊరుకోమ్మా" అన్నాడు. నన్ను ఆయన ఎప్పుడూ ఏమే అనే పిలిచేవాడు. అమ్మా అన్నది అప్పుడే.

తడికలు ఎద్దుబండి మీద ఇంటికి చేరాయి. నాయన వాకిట్లో కూర్చుని ఒక్కొక్క కుట్టూ విప్పి వేళ్లు విడదీశాడు. సున్నం పెచ్చులు దులిపి, కట్టలు కట్టి, భుజాన వేసుకుని గట్టుకి మోశాడు. దుబ్బులు చచ్చిపోయిన గుంటల్లో ఆ ఎండు వేళ్లు నాటుతున్నాడు. నేనూ అమ్మా వెనకే పోయాం. నేను అరిచాను.

"మొదలు లేకుండా వేరు మొలవదు నాయనా. నాకు చెప్పింది నువ్వే గదా."

"తెలుసు" అన్నాడు. తల ఎత్తలేదు.

అమ్మ వెనక్కి తిరిగి ఇంటికి పోయింది. వచ్చి నాలుగు తిట్టి ఆయన్ని లేవదీస్తుందనుకున్నాను. ఇంట్లో తాగడానికి దాచిన బిందె చంకన పెట్టుకుని వచ్చింది. ఆయన నాటుకుంటూ పోతుంటే వెనక దోసిలితో ఊట నీళ్లు పోసుకుంటూ పోయింది. ఆ బిందె కోసం ఆమె తెల్లవారకముందే లేచి చెలమ దగ్గర కూర్చుంది.

ఆ ఎండల్లోనే నాయన పోయాడు. వడదెబ్బ అన్నారు. రోజూ మిట్టమధ్యాహ్నం గట్టు మీద కూర్చుంటే వడదెబ్బే తగులుతుంది, దానికి డాక్టరు చెప్పాలా? మంచంలో ఉన్న రెండు పూటలూ కిటికీకి తడిక కడదామని నేను అడిగాను. వద్దని చెయ్యి ఊపాడు.

మాలో పోయినవాళ్లకి ఆఖరి స్నానం చేయించాలి. మగవాళ్లు వాకిట్లో బల్ల వేసి, చుట్టూ దుప్పట్లు కట్టారు. మా ఇంట్లో ఉన్నవి బావి నీళ్లే. అవే బకెట్లలో తోడి పెట్టాను. సున్నం నీళ్లు. సబ్బు పెడితే నురగ రాదు, ఒంటి మీద తెల్లగా చారలు కడతాయి. కోర్టుకి పోయేటప్పుడు ఒంటికి అత్తరు రాసుకునే మనిషి ఆయన.

అప్పుడు అత్త వచ్చింది. నెలల తరబడి మా గడప తొక్కని మనిషి. నెత్తిన బిందె. నడుము దాకా తడి ఇసక అంటుకుని ఉంది. వెనక ఇంకా ఆడవాళ్లు, చేతుల్లో బిందెలు, చెంబులు, సత్తు గిన్నెలు. కొన్ని నిండుగా లేవు. ఎవరింట్లో ఎన్నుంటే అన్ని తెచ్చారు.

"సాయిబన్నని ఆ నీళ్లతో కడుగుతారా ఏందే?" అని నా మీద గయ్యిమంది. "ఇంత చదివావు, బుద్ధి లేదా నీకు? పారబొయ్యి అయ్యి."

జీవితంలో నేను ఎదురు చెప్పకుండా విన్న మాట అదొక్కటే. బకెట్లు తీసుకెళ్లి పెరట్లో పారబోశాను.

నాయనని మట్టిలో పెట్టి వచ్చాక జనం ఎవరిళ్లకి వాళ్లు పోయారు. సాయంత్రం నేను వీధి చివరిదాకా నడిచాను. పొయ్యిలన్నీ వెలిగాయి. ఏ ఇంట్లోంచీ పప్పు వాసన రాలేదు. పచ్చడి నూరుకుంటున్న చప్పుడు వినబడుతోంది. దాని వెనక, వాగు వైపు నుంచి, మోటారు చప్పుడు.